ఉంగరం బదులు కడియం పెడితే కథ నాదవుతుందా?

గోదారిగట్టు
నాలుగేళ్ళుగా ఒక పెద్ద నవల రాస్తున్నాను. రాజ్యాలు, మంత్రవిద్య, కల్పిత భూగోళం, మూడు తరాల వైరం ఉన్న ఇలాంటి కథను మనవాళ్ళు ఎపిక్ ఫాంటసీ అనే అంటున్నారు కాబట్టి నేనూ అలాగే అంటాను. కథ జరిగేది ఒక పెద్ద నది ఒడ్డున, దానికి ఆధారం ఒక ఇత్తడి కడియం. దాన్ని వేసుకున్నవాడికి ఎదుటివారి భయాలు వినిపిస్తాయి, వినేకొద్దీ వాటిని వాడుకోవాలన్న ఆశ పెరుగుతుంది. చివరికి ఆ కడియాన్ని అది పుట్టిన సుడిగుండంలోనే పారవేయాలి. పోయిన నెల రాతప్రతిని ఒక స్నేహితుడికి ఇచ్చాను. రెండు వారాలు చదివి ఒక్క మాట అన్నాడు: "ఉంగరాన్ని కడియం చేశావు, అగ్నిపర్వతాన్ని సుడిగుండం చేశావు." ఆ రోజు నుంచి నాకు కలం కదలడం లేదు.

ఆ మాట టోల్కీన్ నవల "ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్" గురించి. వేసుకున్నవాణ్ణి లొంగదీసే ఉంగరాన్ని అది పుట్టిన అగ్నిపర్వతంలోనే పారవేయడం ఆ కథ. దాన్ని చదవలేదని అబద్ధమాడను. డిగ్రీ రోజుల్లో మూడు సంపుటాలూ రెండుసార్లు చదివాను. అయితే కడియం ఆలోచన వచ్చింది మా అమ్మమ్మ చేతి నుంచి. చిన్నతనంలో వేసిన కడియం ఎముక పెరిగాక బయటికి రాలేదు, చనిపోయిన రోజున కంసాలిని పిలిచి కోయించవలసి వచ్చింది. ఈ కథను నాది అనుకోవచ్చా, వదిలేయాలా? అరువు ఎక్కడ ముగుస్తుంది, దొంగతనం ఎక్కడ మొదలవుతుంది?

చందమామతరం
వదిలేయకండి. విశ్వనాథ సత్యనారాయణ గారు "మరల నిదేల రామాయణం బన్నచో" అని తానే ప్రశ్న వేసుకుని, లోకమంతా రోజూ తిన్న అన్నమే తింటున్నది, ఎవరి రుచి వారిది, ఎవరి బ్రతుకు వారిది అని తానే జవాబు చెప్పారు. తెలుగుకు మొదటి జ్ఞానపీఠం తెచ్చిన కావ్యం ఆ సమాధానంతో మొదలవుతుంది. ఉంగరం కథకు మాత్రం వేరే న్యాయం ఎందుకు?

శిలాశాసనం
ఆ పద్యాన్ని ఇక్కడ అడ్డం పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. రామాయణం చెప్పబోయే కవి నేను రామాయణమే చెబుతున్నానని మొదటి పద్యంలోనే ప్రకటిస్తాడు, వినేవాడికి కథంతా ముందే తెలుసు, కాబట్టి అక్కడ పరీక్ష అంతా చెప్పే తీరుకే. కల్పిత లోకాన్ని సృష్టించానని చెప్పుకునే నవలా రచయిత పాఠకుడికి ఇస్తున్న మాట వేరు. "నువ్వు ఎన్నడూ చూడని చోటికి తీసుకుపోతాను" అని పిలిచి, పాఠకుడు ఇరవైసార్లు తిరిగిన వీధిలోకే తీసుకుపోతే ఆ మాట తప్పినట్టే. గోదారిగట్టు గారి స్నేహితుడు కటువుగా చెప్పి ఉండవచ్చు, కానీ ఆయన బాధ పాఠకుడి బాధ.

పాతపుస్తకాలు
ఉంగరం టోల్కీన్ సొత్తు అయితే కదా అరువు గురించి మాట్లాడేది. వేసుకున్నవాడు కనబడకుండా పోయే ఉంగరం ప్లేటో గ్రంథంలోనే ఉంది. గైజీస్ అనే గొర్రెలకాపరికి అది దొరుకుతుంది, దాని బలంతో రాజును చంపి రాజ్యం చేజిక్కించుకుంటాడు. ఎవరికీ కనబడనప్పుడు మనిషి న్యాయంగా ఉంటాడా అన్నది అక్కడి ప్రశ్న. రెండు వేల మూడు వందల ఏళ్ళ తరువాత ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడైన టోల్కీన్ ఆ ప్రశ్నను ఇంకొక మెట్టు ఎక్కించి, ఆ బలాన్ని మంచికోసమే వాడబోయినా మనిషి మిగలడని రాశాడు.

ఇక 1937లో వచ్చిన ఆయన నవల "ది హాబిట్"లోని మరుగుజ్జుల పేర్లు చూడండి. థోరిన్, ద్వాలిన్, ఫీలి, కీలి, నోరి, బోంబుర్ మొదలైనవన్నీ పాత నార్స్ భాషలోని వోలుస్పా అనే కావ్యంలో ఒకేచోట జాబితాగా ఉన్నాయి. ఆయన మాంత్రికుడి పేరు గాండాల్ఫ్ కూడా ఆ మరుగుజ్జుల జాబితాలోనిదే.

అట్లకాడ
అంటే ఆయన కూడా ఎత్తిరాసినవాడేనా? నాకు ఈ సంగతి ఇప్పటిదాకా తెలియదు.

పాతపుస్తకాలు
అట్లకాడ గారూ, ఎత్తిరాయడానికీ దీనికీ ఉన్న తేడా ఆ గాండాల్ఫ్ పేరులోనే కనిపిస్తుంది. మొదటి చిత్తుప్రతిలో మాంత్రికుడి పేరు బ్లాడోర్థిన్. మరుగుజ్జుల నాయకుడి పేరు గాండాల్ఫ్. ఆ పేరును విడదీస్తే ఒక సగంలో మంత్రదండం, రెండో సగంలో "ఎల్ఫ్", అంటే మరుగుజ్జులు కాని వేరే అలౌకిక జాతి పేరు, ఉన్నాయి. మరుగుజ్జుల వరుసలో ఎల్ఫ్ పేరున్నవాడు, అందులోనూ చేత దండం ఉన్నవాడు, ఎందుకు నిలబడ్డాడు? పాత కావ్యం ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. టోల్కీన్ ఆ పేరును తీసుకుపోయి మాంత్రికుడికి పెట్టాడు. జాబితాను వేలమంది చదివి ఉంటారు, అందులో ఒక పేరు వరుస తప్పి నిలబడిందని గమనించి దానికి తగిన మనిషిని కల్పించినవాడు ఒకడే. నేను దాన్ని అరువు అనను, చదవడం అంటాను.

హెల్సింకీతెలుగు
పాతపుస్తకాలు గారి మాటకు నేనుండే ఊరి నుంచి ఒక ఉదాహరణ కలుపుతాను. ఇక్కడ ఫిబ్రవరి 28న కలేవల దినోత్సవం జరుపుతారు, వీధుల్లో జెండాలు ఎగురుతాయి. ఎలియాస్ లోన్రోట్ అనే వైద్యుడు పల్లెలు తిరిగి గాయకుల నోటి పాటలు సేకరించి, వరుస కూర్చి, 1835లో మొదటిసారి, 1849లో పెంచి రెండోసారి అచ్చు వేయించిన కావ్యం అది. అందులో కుల్లెర్వో అనే దురదృష్టవంతుడున్నాడు. పసితనంలోనే బానిసగా అమ్ముడుపోతాడు, తెలియక తోబుట్టువునే కూడతాడు, ఆమె నదిలో దూకి చనిపోతుంది, చివరికి అతడు తన కత్తిని "నా రక్తం తాగుతావా?" అని అడుగుతాడు, కత్తి తాగుతానని జవాబు చెబుతుంది.

టోల్కీన్ విద్యార్థిగా ఉన్నప్పుడే ఈ కథను తిరగరాయడం మొదలుపెట్టాడు. అది పూర్తికాలేదు, కానీ అదే పెరిగి ఆయన రాసిన టూరిన్ అనే వీరుడి కథ అయింది. చెల్లెలూ, నదీ, జవాబు చెప్పే కత్తీ అన్నీ అలాగే ఉన్నాయి, దాచే ప్రయత్నం ఏమీ లేదు. అయితే కుల్లెర్వో కథలో లేనిది ఒకటి చేర్చాడు. టూరిన్ తండ్రిని శత్రువు పట్టుకుని, కొండమీద ఒక రాతి ఆసనంలో కదలకుండా కూర్చోబెట్టి, తన బిడ్డలు ఒక్కొక్క అడుగే నాశనానికి నడవడం ఏళ్ళ తరబడి చూసేలా శపిస్తాడు. అక్కడికి వచ్చేసరికి నేను పుస్తకం మూసి బయటికి వెళ్ళిపోయాను. నాకు ఇద్దరు పిల్లలున్నారు. ఆ ఆసనం మాత్రం ఫిన్లాండు పాటల నుంచి వచ్చింది కాదు.

కొల్లేటికొంగ
మాట్లాడే కత్తి ఇంకోచోట కూడా ఉంది. మైకేల్ మూర్‌కాక్ 1961లో మొదలుపెట్టిన ఎల్రిక్ కథల్లో నల్లకత్తి చివరికి యజమానినే పొడిచి, పోతూ పోతూ మాట్లాడుతుంది. మూర్‌కాక్ తనకు ప్రేరణ పోల్ ఆండర్సన్ నవల అని బాహాటంగానే చెప్పాడు. ఆ ఆండర్సన్ నవల వచ్చింది 1954లో, అంటే ఉంగరం కథ మొదటి సంపుటం వచ్చిన ఏడే. ఆండర్సన్, టోల్కీన్ ఇద్దరూ ఉత్తరాది పురాణాల బావిలోనే చేద వేశారు. ఒకరి చేదలో వచ్చిన నీళ్ళు తియ్యగా ఉన్నాయి, రెండోవారివి చేదుగా ఉన్నాయి. ఒకరిది ఇంకొకరిదానికి నకలు అని ఎవరూ అనలేదు.

చందమామతరం
1954 అనగానే ఒళ్ళు పులకరించింది. మన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి "తోకచుక్క" ధారావాహిక మొదలైనది కూడా ఆ సంవత్సరమే. చిత్రా గారి బొమ్మలతో మకరదేవత, రాకాసిలోయ, పాతాళదుర్గం, ఇలా పాతికేళ్ళు నడిచాయి. మాంత్రికులూ శిథిలాలయాలూ రాక్షసులూ అన్నీ పాతవే, కానీ ఆ అడవిలోకి ఆయన తీసుకుపోయినట్టు ఇంకెవరూ తీసుకుపోలేదు. నెలాఖరున పుస్తకం కోసం పోస్టుమాన్‌కు ఎదురెళ్ళిన రోజులు నాకు ఇప్పటికీ గుర్తు.

నల్లకోటు
చట్టం వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను, ఎందుకంటే ప్రశ్నలో "దొంగతనం" అన్న మాట పడింది. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. ఆలోచనకూ, ఇతివృత్తానికీ, చారిత్రక, పౌరాణిక విషయానికీ కాపీరైటు ఉండదని, ఆ ఆలోచనను వ్యక్తపరచిన తీరుకే రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో స్పష్టంగా చెప్పింది. తన నాటకాన్ని సినిమాగా తీసేశారని ఆ రచయిత ఫిర్యాదు. రెండింటిలోనూ ప్రాంతీయ దురభిమానమే విషయమైనా కథ నడిచిన తీరు వేరు కాబట్టి ఉల్లంఘన లేదని కోర్టు తేల్చింది. రెండింటినీ చూసిన ప్రేక్షకుడికి ఇది దానికి నకలు అన్న భావన తప్పనిసరిగా కలుగుతుందా లేదా అన్నది అక్కడ పెట్టుకున్న ముఖ్యమైన గీటురాయి.

టోల్కీన్ 1973లో మరణించారు కనుక మన దేశంలో ఆయన రచనలకు 2033 చివరిదాకా రక్షణ ఉంటుంది. కానీ దుష్టశక్తి ఉన్న నగను నాశనం చేయాలనే ఆలోచనకు ఏ కాలంలోనూ రక్షణ లేదు. గోదారిగట్టు గారికి కోర్టు భయం అక్కరలేదు.

శిలాశాసనం
నల్లకోటు గారు చెప్పింది నిజమే, కానీ కోర్టు శిక్షించనిదంతా మంచి రచన అయిపోదు. మన ఆలంకారికులు ఈ విషయాన్ని చట్టం కంటే సన్నగా తరచి చూశారు. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం చివరి భాగంలో కవుల మధ్య పోలిక మూడు రకాలన్నాడు. అద్దంలో ప్రతిబింబం లాంటిది మొదటిది, దానికి సొంత ప్రాణం లేదు. చిత్తరువులాంటిది రెండోది, ఆకారం కాస్త మారినా ప్రాణం అల్పం. ఒకేలా ఉన్న ఇద్దరు మనుషుల పోలిక మూడోది. మొదటి రెండూ విడిచిపెట్టాలి, మూడోదాన్ని విడవనక్కరలేదు, ఎందుకంటే ముఖం కలిసినంత మాత్రాన ఇద్దరు మనుషులు ఒకరైపోరు. తరువాత రాజశేఖరుడు దొంగ కాని కవి లేడు, దొంగ కాని వర్తకుడూ లేడు అని నిర్మొహమాటంగా రాసి, ఏ హరణం తగినదో ఏది తగనిదో అధ్యాయాల కొద్దీ వర్గీకరించాడు.

అందుచేత గోదారిగట్టు గారిని నేను అడిగేది ఒకటే. మీ నవల అద్దమా, చిత్తరువా, మనిషా?

గోదారిగట్టు
మనిషే అని నా నమ్మకం. కానీ రాసినవాడి నమ్మకానికి ఏం విలువ ఉంటుంది?

మిరపతోట
ఇన్ని మాటలు మాట్లాడుకున్నాము, ఆయన రాసినది ఒక్క వాక్యమైనా మనలో ఎవరమూ చూడలేదు. తమ్ముడూ, నీ నవలలో నుంచి ఒక చిన్న భాగం ఇక్కడ పెట్టు. కడియం కనబడే ఘట్టం వద్దు, యుద్ధం వద్దు. నీకు పెద్దగా పట్టింపు లేని భాగం, ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మనుషులను నడిపించడానికి రాసిన మామూలు పేజీ పెట్టు.

గోదారిగట్టు
అక్కా, ఇది ఏడో అధ్యాయం మొదలు:

"మంచు కురుస్తున్న ఆ రాత్రి నలుగురు ప్రయాణికులూ గుర్రాలు దిగి సత్రం తలుపు తట్టారు. లోపల పెద్ద పొయ్యిలో దుంగలు మండుతున్నాయి. కుండలో మాంసం కూర ఉడుకుతోంది. లావుపాటి సత్రం యజమాని తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, చెక్క పాత్రల్లో మద్యం పోశాడు. మూల బల్ల దగ్గర ముసుగు కప్పుకున్న అపరిచితుడు ఒక్కడే కూర్చుని వారినే చూస్తున్నాడు."

మిరపతోట
నీ స్నేహితుడు కడియాన్ని పట్టుకున్నాడు, పట్టుకోవలసినది ఈ సత్రాన్ని. కడియం మీ అమ్మమ్మది, దాన్ని నువ్వు చూశావు. ఈ సత్రాన్ని నువ్వు ఎక్కడా చూడలేదు. లావుపాటి యజమాని, మూల కూర్చున్న ముసుగు మనిషి, ఇద్దరూ ఉంగరం కథ మొదటి సంపుటంలోని సత్రం నుంచి నేరుగా నడిచి వచ్చారు. నలుగురూ రాత్రికి రాత్రి దిగారు, మాంసం కూర అప్పటికే ఉడుకుతోంది. డయానా విన్ జోన్స్ అనే రచయిత్రి ఫాంటసీ లోకాల్లో ప్రయాణికులు ఎప్పుడు చూసినా ఈ కూరే తింటారని 1996లోనే ఎత్తి చూపింది. గంటల కొద్దీ ఉడకవలసిన కూరను దారిన పోయేవాడు ఎలా వండుకుంటాడని ఆమె అడిగింది.

నీ కథ జరిగేది ఒక పెద్ద నది ఒడ్డున అన్నావు. వానాకాలంలో దారిన పోయేవాడు ఏమి కట్టుకుపోతాడు? అటుకులు, వేయించిన పేలాలు, సత్తుపిండి, బెల్లం ముక్క, చద్దిమూట. గుర్రం ఎందుకు? మంచు ఎందుకు? రాత్రి తల దాచుకోవడానికి ఊరి గుడి మండపమో, ఎవరి అరుగో ఉంటుంది. అరుగు మీద పడుకున్నవాడిని ఆ ఇంటి ముసలమ్మ ముందు ఏ ఊరని అడుగుతుంది, తరువాత ఎవరి తాలూకు అని అడుగుతుంది. దాచవలసిన వస్తువు మూటలో ఉన్నవాడికి ఆ రెండో ప్రశ్న చాలు, గుండె జారిపోవడానికి.

పెద్ద ఆలోచనలు అందరివీ. రచయిత పట్టుబడేది ఆలోచించకుండా పెట్టిన చిన్న వస్తువుల దగ్గర.

కొల్లేటికొంగ
మిరపతోట గారు చెప్పినది చదివి నా చిత్తుప్రతి తెరిచి చూసుకున్నాను. నాలుగు చోట్ల మంచు కురిసింది. నేను పుట్టి పెరిగింది ఏలూరు దగ్గర, మంచు కురవడం ఇంతవరకు కళ్ళతో చూడలేదు. ఇవాళే తీసేస్తున్నాను.

నిశిరాత్రి
ఇలా జరగడానికి వెనుక చరిత్ర ఉంది. మనలో చాలామందికి ఈ లోకం టోల్కీన్ పుస్తకం నుంచి నేరుగా రాలేదు, ఆటల గుండా వచ్చింది. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట వచ్చినప్పుడు అందులో టోల్కీన్ ప్రాణులైన హాబిట్, ఎంట్, బాల్రోగ్ అన్న పేర్లే ఉండేవి. హక్కుదారులు అభ్యంతరం చెప్పాక 1977 ప్రాంతంలో అవి హాఫ్లింగ్, ట్రీయంట్, బేలర్ అయ్యాయి. పేర్లు మారాయి, ప్రాణులు మారలేదు. ఆ తరువాత వచ్చిన వీడియో గేములు ఆ ఆటను చూసి, వాటిని చూసి కొన్ని నవలలు, ఆ నవలలను చూసి ఇంకొన్ని సినిమాలు. క్రూరమైన సైనికజాతికి పెట్టిన ఓర్క్ అన్న మాటను టోల్కీన్ పాత ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్‌లోని ఒకే ఒక్క పంక్తి నుంచి, అదీ అర్థం సరిగ్గా తేలని మాట నుంచి పైకి తీశాడు. ఇప్పుడు ఏ ఫోను ఆటలో చూసినా పచ్చ చర్మం ఓర్కులే, అవి ఎక్కడి నుంచి వచ్చాయని అడిగేవారు లేరు. మూలానికి దగ్గరగా పోయినవాడికి సందేహాలు ఎదురవుతాయి, ఆ సందేహాల నుంచి కల్పన పుడుతుంది. నకలుకు నకలు చదివినవాడికి అన్నీ తేలిపోయి కనిపిస్తాయి.

అట్లకాడ
మరి 1977లో వచ్చిన "షానారా ఖడ్గం"? నాకు పదహారేళ్ళప్పుడు మామయ్య అమెరికా నుంచి తెచ్చి ఇచ్చాడు. అది ఉంగరం కథకు నకలు అని అందరూ అంటారు. నాకు మాత్రం ఆ పుస్తకమే ఈ లోకానికి తలుపు. దాన్ని తక్కువ చేస్తే బాధగా ఉంటుంది.

నిశిరాత్రి
అట్లకాడ గారూ, ఆ పుస్తకం మీకు తలుపు కావడం నిజమే, నకలు అన్న విమర్శా నిజమే. ఊరి నుంచి బయలుదేరిన అమాయకుడు, దారి చూపే మర్మజ్ఞుడు, మరుగుజ్జూ ఎల్ఫూ ఉన్న బృందం, చీకటి ప్రభువు, అన్నీ ఆ వరుసలోనే నడుస్తాయి. అయితే టెర్రీ బ్రూక్స్ ఒకటి సొంతంగా చేశాడు. అది ప్రాచీన లోకం కాదు, మహాయుద్ధాలు మన నాగరికతను తుడిచిపెట్టాక మిగిలిన మన భూమే. శిథిలమైన నగరపు ఇనుప దూలాల మధ్య వారు నడిచే ఘట్టం గుర్తుందా? పుస్తకమంతా ఆ దారిలోనే నడిచి ఉంటే ఇవాళ మనం వేరే రకంగా మాట్లాడుకునేవాళ్ళం.

అట్లకాడ
గుర్తుంది. నాకు ఇన్నేళ్ళూ గుర్తున్నది ఆ ఒక్క ఘట్టమే. మీరు చెప్పాక ఎందుకో తెలిసింది.

పాతపుస్తకాలు
అరువును దాచకుండా, అందులోనే ప్రాణం పోసినవారూ ఉన్నారు. జార్జ్ మార్టిన్ 1981లో ఇంగ్లండు ఉత్తరాన హేడ్రియన్ గోడ మీద నిలబడ్డాడు. క్రీ.శ. 122లో మొదలుపెట్టిన, సుమారు 117 కిలోమీటర్ల రాతిగోడ అది. ఎక్కడో వెచ్చని దేశం నుంచి వచ్చిన రోమన్ సైనికుడికి ఆ గోడ మీద నిలబడి ఉత్తరం వైపు చూస్తే ఏమనిపించి ఉంటుందని ఆలోచించాడు. 1996లో వచ్చిన అతడి నవల "ఎ గేమ్ ఆఫ్ త్రోన్స్"లో అది ఏడు వందల అడుగుల మంచుగోడ అయింది. లాంకాస్టర్, యార్క్ వంశాల గులాబీ యుద్ధాలు లానిస్టర్, స్టార్క్ వైరమయ్యాయి. పేర్లలోనే ఆ జాడ వినిపిస్తుంది. ఆ నవలల వరుసలో పెళ్ళివిందులో జరిగే ఊచకోతకు కూడా స్కాట్లండు చరిత్రే ఆధారం. 1440లో ఎడింబరో కోటలో విందుకు పిలిచి ఇద్దరు కుర్రవాళ్ళను చంపిన ఘటన అందులో ఒకటి.

శిలాశాసనం
చరిత్ర నుంచి తీసుకోవడం వేరు, ఇంకొక కల్పన నుంచి తీసుకోవడం వేరు. గోడకు రచయిత లేడు.

పాతపుస్తకాలు
అంత తేలికగా విడదీయలేము. టోల్కీన్‌కు బడిలో షేక్‌స్పియర్ "మాక్‌బెత్" చదివినప్పుడు, అడవి కదిలి కోట మీదికి వస్తుందన్న జోస్యం చివరికి సైనికులు కొమ్మలు విరిచి పట్టుకుని నడవడంగా తేలడం చాలా నిరాశ కలిగించింది. చెట్లు నిజంగానే యుద్ధానికి నడిచే ఘట్టం తానే రాయాలన్న కోరిక అక్కడ పుట్టిందని ఆయనే 1955 నాటి ఉత్తరంలో చెప్పుకున్నాడు. ఇది ఇంకొక రచయిత కల్పన నుంచి తీసుకున్నదే. కానీ పొగడ్త నుంచి కాదు, పోట్లాట నుంచి తీసుకున్నది. నన్నడిగితే అరువుల్లో ఇదే అన్నిటికంటే ఆరోగ్యమైనది.

హెల్సింకీతెలుగు
ఉర్సులా లెగ్విన్ పోట్లాట కూడా అలాంటిదే. 1968లో "ఎర్త్‌సీ" మొదటి నవల రాసినప్పుడు మాంత్రికులంటే తెల్లగడ్డం ముసలివాళ్ళే. వాళ్ళు కుర్రవాళ్ళుగా ఉన్నప్పుడు ఆ విద్య ఎక్కడ, ఎలా నేర్చుకున్నారని ఆమె ప్రశ్నించుకుంది. ఆమె కథానాయకుడు గెడ్ రాగిరంగు మనిషి, పుట్టింది మేకలు కాసే పల్లెలో, అతడి లోకమంతా సముద్రం మధ్య దీవులు. ఆ కథ యుద్ధం చుట్టూ తిరగదు. అతడు తరిమేదీ, అతడిని తరిమేదీ తన నీడే. డ్రాగన్లూ మంత్రాలూ దండాలూ అన్నీ ఉన్నా ఎవరూ దాన్ని నకలు అనలేదు.

చందమామతరం
శిలాశాసనం గారు ఆలంకారికులను పిలిచారు కాబట్టి నేను రామరాజభూషణుణ్ణి పిలుస్తాను. వసుచరిత్ర అవతారికలో "కేవల కల్పనా కథలు కృత్రిమ రత్నములు" అన్నాడు. పాత సత్కథలు గనిలో పుట్టిన రత్నాలు, మంచి కవి కల్పన చేరిన పాత కథలు సానపట్టిన జాతిరత్నాలు అన్నాడు. అరువే లేని కథ గాజురాయి అని మనవాళ్ళు నాలుగు వందల ఏళ్ళ కిందటే తేల్చారు.

శిలాశాసనం
తేల్చలేదండీ, ఆ శతాబ్దంలోనే పింగళి సూరన దానికి ఎదురు నిలబడ్డాడు. కళాపూర్ణోదయం కథ ఏ పురాణంలోనూ లేదు, మలుపులన్నీ ఆయన అల్లినవే. ఒకరి రూపంలో ఇంకొకరు తిరగడం, చిక్కుముడి కథ చివరికి కథలోనే విప్పుకోవడం, ఇవి చదువుతుంటే అది గాజురాయి అని ఎవరూ అనలేరు.

చందమామతరం
అయినా ఆయన కథలో నారదుడున్నాడు, రంభ ఉంది, నలకూబరుడున్నాడు. పాత్రలు పాతవి, కథ కొత్తది.

శిలాశాసనం
అది ఒప్పుకుంటాను. కానీ నారదుణ్ణి సంగీతంలో అసూయపడే మనిషిగా చూపించిన ధైర్యం ఆయనది. నేను గోదారిగట్టు గారిని అడిగేది ఆ ధైర్యమే. మీ కథలో దారి చూపే ముసలి తపస్వి ఉన్నాడా? ఉంటే అతడు గాండాల్ఫ్‌లాగా చనిపోయి తిరిగి వస్తాడా?

గోదారిగట్టు
ఉన్నాడు. పన్నెండో అధ్యాయంలో లోయలో పడిపోతాడు, ఇరవయ్యో అధ్యాయంలో తిరిగి వస్తాడు. అడగగానే చేతులు చల్లబడ్డాయి. కడియం గురించి నాలుగు వారాలు కుమిలిపోయాను, ఈయన గురించి ఎవరైనా అడుగుతారని నాకు తట్టనే లేదు.

మిరపతోట
ఎందుకు తిరిగి రావాలి తమ్ముడూ? నీ కడియం భయాలను వినిపిస్తుంది కదా. ఆ ముసలాయన పోయాక, మిగిలినవారికి దారి తెలియదన్న భయం నలుగురిలోనూ ఒకేసారి మోగుతుంటే, కడియం ఉన్నవాడికి అది భరించలేని రొద. వాడు దాన్ని ఆపడానికి ఏం చేస్తాడు? ఆ ప్రశ్న ఉంగరం కథలో లేదు, అది నీ కడియానికి మాత్రమే ఉన్న ప్రశ్న. ముసలాయనను వెనక్కి రప్పిస్తే దాన్ని నువ్వే చంపుకున్నట్టు.

నల్లకోటు
ఈ ఒక్క సలహాకు నా ఓటు.

కొల్లేటికొంగ
టోల్కీన్ 1939లో సెయింట్ ఆండ్రూస్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో కథలను ఎప్పటినుంచో పొయ్యి మీద ఉడుకుతున్న పెద్ద కాగుతో పోల్చాడు. పురాణమూ చరిత్రా అన్నీ అందులో పడుతుంటాయన్నాడు. ఆ మాటనే అందరూ చెబుతారు. కానీ వెంటనే వంటవాళ్ళను మరిచిపోవద్దని, వారు గరిటెను గుడ్డిగా ముంచరని కూడా అన్నాడు. మిరపతోట గారు ఇప్పుడు చేసినది ఆ పని.

గోదారిగట్టు
పది రోజుల తరువాత మళ్ళీ వస్తున్నాను. ముసలాయన తిరిగి రావడం తీసేశాను. దానివల్ల ఎనభై పేజీలు పోయాయి, నిజంగానే ఏడుపొచ్చింది. సత్రమూ పోయింది. ఏడో అధ్యాయం మొదలు ఇప్పుడు ఇలా ఉంది:

"వరద మూడో రోజుకు రేవు మెట్లు పదకొండు మునిగాయి. నలుగురూ అరుగు మీద ఒకరి పక్కన ఒకరు ముడుచుకుని కూర్చున్నారు. మూటలో సత్తుపిండి చెమ్మకు ఉండకట్టింది. ఇంటి ముసలమ్మ దీపం పట్టుకుని బయటికి వచ్చి, ఒక్కొక్కరి ముఖం దగ్గరా దాన్ని ఆపి, ఎవరి తాలూకు నాయనా అని అడిగింది. వాడు జవాబు చెప్పేలోపే కడియం వినిపించింది. ఆమె వాళ్ళకు భయపడడం లేదు. పడవ మీద పోయిన కొడుకు వీళ్ళలో ఒకడేమో అని ఆశపడి, కాదేమో అని భయపడుతోంది. తెల్లవారుజామున సరంగు గెడ వేసి పడవను నడి ఏటిలోకి నెట్టాడు."

స్నేహితుడికి కూడా పంపాను. ఇంకా జవాబు రాలేదు.

అట్లకాడ
ముసలమ్మ దగ్గర ఆగిపోయాను. మిగతాది రేపు చదువుతాను.

శిలాశాసనం
ఇది మనిషి. అద్దం కాదు. ఉంగరం పోలిక పూర్తిగా పోయిందని నేను అనను, సుడిగుండం దాకా వచ్చేసరికి పాఠకుడికి అది మళ్ళీ గుర్తుకు వస్తుంది. దాన్ని మీరు ఎలా ఎదుర్కొంటారో చూడాలి.

పాతపుస్తకాలు
గుర్తుకు రానివ్వండి. మాక్‌బెత్ అడవిని గుర్తు చేసుకుంటూ చదివినా నడిచే చెట్లకు లోటు రాలేదు.

మిరపతోట
ఒక్క దిద్దుబాటు. పదకొండు మెట్లు మునిగిన వరదలో నడి ఏటికి పోయేసరికి గెడకు నేల అందదు. గెడ ఒడ్డు దాటేవరకే, ఆ తరువాత తెడ్లు వేయాలి, చుక్కాని దగ్గర గట్టి మనిషి ఉండాలి. నువ్వు గోదారిగట్టువాడివి కదా, రేవుకు పోయి పడవవాళ్ళను అడిగి రాయి.

గోదారిగట్టు
రేపు ఆదివారం పొద్దున్నే పోతున్నాను అక్కా. మా రేవులో డెబ్భై ఏళ్ళు దాటిన సరంగు ఒకాయన ఉన్నాడు, ఇంజన్లు రాకముందు వరదలో ఏరు దాటించినవాడు. సుడిగుండాన్ని ఎలా గుర్తుపడతారో కూడా ఆయననే అడుగుతాను.